ఒకే మనిషి మూడు చోట్ల: థీసిస్ రిఫరెన్సుల్లో అసలు చిక్కు ఎక్కడుంది?

పోయిన నెల కర్నూలు నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ కడపకు వచ్చింది. సీమ సాహిత్యం మీద తెలుగులో థీసిస్ రాస్తోంది, సబ్మిషన్‌కు ఇంక మూడు వారాలే ఉంది. "అక్కా, అధ్యాయాలన్నీ అయిపోయినాయి, చివర రిఫరెన్సులు ఒక్కసారి చూసిపెట్టు, కామాలూ చుక్కలూ సరిచేస్తే చాలు" అని ముప్పై రెండు పేజీల ప్రింటౌట్ చేతిలో పెట్టింది. చూస్తూ పోతే 'న' దగ్గర "నారాయణాచార్యులు, పి." అని ఒకటి, 'ప' దగ్గర "పుట్టపర్తి నారాయణాచార్యులు" అని ఒకటి, ఇంగ్లిష్ పుస్తకాల జాబితాలో "ఆచార్యులు, పి. ఎన్." అని ఇంకొకటి. ముగ్గురూ ఒక్కరే. ప్రొద్దుటూరులోనో కడపలోనో సాహిత్యం చదివినవాళ్లకు ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది, కానీ ఎక్కడో దూరాన కూర్చుని ఈ థీసిస్ దిద్దే పరీక్షకుడికి మాత్రం ముగ్గురు రచయితలే కనబడతారు.

ఇది కామాలతో తీరే చిక్కు కాదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. నా సొంత థీసిస్ ఒకసారి రిఫరెన్సుల కోసమే వెనక్కి వచ్చింది, "నిర్ణీత పద్ధతిలో లేవు" అని ఒకే ఒక్క లైను రాసి పంపారు, ఏ పద్ధతో, ఎక్కడ తప్పిందో ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలు పోయాయి. ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దని, తెలిసినంత వరకు మొదటి నుంచి విప్పి చెబుతాను.

## సైటేషన్ వేరు, రిఫరెన్స్ వేరు, గ్రంథసూచి వేరు

మీరు రాస్తున్న వాక్యం పక్కనే "ఈ మాట నాది కాదు, ఫలానా చోటిది" అని పెట్టే చిన్న గుర్తు సైటేషన్. అది బ్రాకెట్లో రచయిత పేరూ సంవత్సరమూ కావచ్చు, లేదా పైన చిన్న అంకె వేసి పేజీ అడుగున ఇచ్చే పాదసూచిక కావచ్చు. ఆ గుర్తు పట్టుకుని చివరికి వెళ్తే దొరికే పూర్తి వివరం రిఫరెన్స్.

రిఫరెన్స్ లిస్టు, బిబ్లియోగ్రఫీ ఒకటే అనుకుంటాం గానీ కాదు. ఏపీఏ అనే పద్ధతిలో (దాని సంగతి కింద చెబుతాను) రిఫరెన్స్ లిస్టు అంటే లోపల ఎక్కడో ఒకచోట మీరు పేరెత్తిన రచనలు మాత్రమే. చదివారు కానీ ఎక్కడా వాడలేదంటే దానికి అందులో చోటు లేదు. బిబ్లియోగ్రఫీలో చదివినవి కూడా ఉండొచ్చు. మన తెలుగు శాఖల్లో "ఉపయుక్త గ్రంథసూచి" అనేది ఈ రెండో రకానికి దగ్గర. మీ యూనివర్సిటీ ఏపీఏ అడిగినప్పుడు, పాత థీసిస్‌లను చూసి ఉపయుక్త గ్రంథసూచి పెడితే, లోపల కనబడని నలభై పుస్తకాలు చివర ప్రత్యక్షమవుతాయి. సాఫ్ట్‌వేర్‌తో సరిపోల్చి చూసే పరీక్షకులు దాన్ని తప్పుగానే పడతారు.

## ఒకే పుస్తకం, మూడు స్టైళ్లు

స్టైల్ అంటే ఈ వివరాలను ఏ వరసలో, ఏ విరామ చిహ్నాలతో పెట్టాలో ఒక సంస్థ కుదిర్చిన కట్టుబాటు. మన దగ్గర ఎక్కువగా వినిపించేవి మూడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లది ఏపీఏ, ఇప్పుడు నడుస్తున్నది 2019లో వచ్చిన ఏడో ఎడిషన్. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్లది ఎంఎల్ఏ, తొమ్మిదో ఎడిషన్ 2021లో వచ్చింది. 1906 నుంచీ నడుస్తున్న చికాగో మాన్యువల్ పద్దెనిమిదో ఎడిషన్ 2024లో వచ్చింది.

విజయనగరం మీద రాబర్ట్ సీవెల్ 1900లో వేసిన పుస్తకం సీమ చరిత్ర చదివేవాళ్లెవరూ దాటిపోలేరు కాబట్టి దాన్నే తీసుకుందాం.

ఏపీఏలో: సీవెల్, ఆర్. (1900). ఎ ఫర్గాటెన్ ఎంపైర్ (విజయనగర్). స్వాన్ సోనెన్‌షైన్.

ఎంఎల్ఏలో: సీవెల్, రాబర్ట్. ఎ ఫర్గాటెన్ ఎంపైర్ (విజయనగర్). స్వాన్ సోనెన్‌షైన్, 1900.

చికాగో పాదసూచికలో: రాబర్ట్ సీవెల్, ఎ ఫర్గాటెన్ ఎంపైర్ (విజయనగర్) (లండన్: స్వాన్ సోనెన్‌షైన్, 1900), 246. చివరి అంకె పేజీ నంబరు, ఇక్కడ ఊరికే చూపించడానికి వేశాను.

తేడాలు కాస్త ఆగి చూడండి. ఏపీఏలో సంవత్సరం రచయిత పక్కకే వచ్చి కూర్చుంది. సైకాలజీ, విద్య, సోషల్ సైన్స్ వాళ్లకు ఒక పరిశోధన ఎప్పటిదన్నది ముఖ్యం, 1975 నాటి సర్వేనా 2020 నాటిదా అన్నది చదివేవాడికి ముందే తెలియాలి. ఎంఎల్ఏ సాహిత్యం వాళ్లది, వాళ్లకు ఏ పేజీలో ఏ మాట ఉందన్నది ముఖ్యం, అందుకే లోపలి సైటేషన్‌లో సంవత్సరం ఉండదు, రచయితా పేజీ నంబరూ ఉంటాయి. చికాగో పాదసూచికలు చరిత్రకారులకు నచ్చుతాయి, ఎందుకంటే శాసనం, దస్త్రం, తాళపత్రం లాంటివాటిని బ్రాకెట్లో రెండు మాటల్లో ఇరికించలేం, కింద నాలుగు లైన్లు రాసుకునే చోటు కావాలి. ఎవరి అవసరం కొద్దీ వాళ్లు కుదుర్చుకున్నారన్నమాట. ఇంకొకటి, ప్రచురించిన ఊరి పేరు. ఏపీఏ ఏడో ఎడిషన్ అది అక్కర్లేదంది, చికాగో కూడా కొత్త ఎడిషన్‌లో అవసరం లేదని వదిలేసింది, పాత అలవాటు చూపించడానికే పైన లండన్ ఉంచాను. మీ గైడు పాత ఎడిషన్‌లో చదువుకున్నారనుకోండి, ఊరి పేరేదని అడుగుతారు, అప్పుడు ఏ ఎడిషన్ ప్రకారం రాస్తున్నామో ముందే మాట్లాడుకోవడం మేలు.

## ఏ ఆధారమైనా అడిగేవి నాలుగే ప్రశ్నలు

పుస్తకానికో నియమం, పత్రికకో నియమం, వెబ్‌సైటుకో నియమం అని బట్టీ పట్టడం మొదలుపెడితే ఎప్పటికీ అయిపోదు. ప్రతి రిఫరెన్సూ చెప్పాల్సింది నాలుగే: ఎవరు, ఎప్పుడు, ఏమిటి, ఎక్కడ దొరుకుతుంది. మొదటి మూడూ ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఆధారాన్ని బట్టి మారేది నాలుగోది.

పుస్తకమైతే ఎక్కడ అంటే ప్రచురణకర్త. పత్రికలో వ్యాసమైతే పత్రిక పేరు, సంపుటం, సంచిక, పేజీలు, ఉంటే డీఓఐ నంబరు, అంటే ఆన్‌లైన్‌లో ఆ వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు. సంకలనంలో ఒక వ్యాసమైతే ఆ సంకలనమే చిరునామా, కాబట్టి వ్యాసం రాసినవాళ్ల పేరు ముందు, "లో" అని చెప్పి సంపాదకుల పేరు తర్వాత. ఇక్కడే చాలామంది జారతారు, పుస్తకం అట్ట మీద ఉన్న సంపాదకుడి పేరు రాసి అసలు వ్యాసకర్తను మాయం చేస్తారు. థీసిస్ అయితే పేరు పక్కన పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమనీ, ఏ యూనివర్సిటీదనీ చెప్పి, థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో చదివి ఉంటే శోధగంగ అని రాస్తారు. యూట్యూబ్ వీడియోకు అప్‌లోడ్ చేసిన ఛానలే రచయిత. వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్‌కు చదివేవాడు వెళ్లి చూసే చోటే లేదు, కాబట్టి దాని అసలు మూలం వెతికి పట్టుకోవాలి, లేదంటే ఆ మాటే వదులుకోవాలి.

## జీవో నంబరూ తేదీ ఎందుకు వదలకూడదు

ప్రభుత్వ పత్రాలకు ఉద్యోగి రచయిత కాడు, సంతకం పెట్టిన సెక్రటరీ కూడా కాదు, శాఖే రచయిత. ఒక సీమ ఉదాహరణ చూద్దాం. శ్రీశైలం జలాశయంలో కనీస నీటిమట్టం గురించి 1996 జూన్ 15న వచ్చిన జీవో 69 ఆ మట్టం 834 అడుగులంది. 2004 సెప్టెంబర్ 28న వచ్చిన జీవో 107 దాన్ని 854 అడుగులు చేసింది. ఆ ఇరవై అడుగులు పోతిరెడ్డిపాడు కాలువ కింద ఉన్నవాళ్లకు ఏమిటో చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఒక థీసిస్‌లో "శ్రీశైలం నీటిమట్టంపై ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం" అని మాత్రమే రాసి ఉందనుకోండి. ఏ ఉత్తర్వు? చదివేవాడు ఒకటి తీసి చూస్తే మీ వాదం నిలబడుతుంది, ఇంకొకటి తీస్తే తలకిందులవుతుంది.

అందుకని ఇలా: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, నీటిపారుదల శాఖ. (2004, సెప్టెంబర్ 28). జీవో ఎంఎస్ నం. 107.

ఇక్కడ శాఖ పేరు పొట్టిగా, నమూనా చూపించడానికే వేశాను, మీరు మాత్రం ఊహతో రాయకండి. జీవో నెత్తిన ఎలా ఉంటే అలాగే దించుకోండి, ప్రభుత్వాలు మారినప్పుడల్లా శాఖల పేర్లూ మారుతుంటాయి. ఊళ్ల పేర్లకూ ఇదే మాట. పాత ఇంగ్లిష్ పుస్తకం పేరులో కడపను బ్రిటిషు వాళ్ల కాలం నాటి స్పెల్లింగ్‌తో రాసి ఉంటే, మనకు నచ్చకపోయినా రిఫరెన్సులో దాన్ని దిద్దకూడదు, దిద్దితే కేటలాగులో ఆ పుస్తకం దొరకదు.

## దినపత్రికల జిల్లా పేజీలతో వచ్చే తంటా

దినపత్రికకు ఏపీఏ అడిగేది రచయిత, పూర్తి తేదీ, శీర్షిక, పత్రిక పేరు, పేజీ. వినడానికి సులభం. కానీ తెలుగు పత్రికలకు ఒక్కో జిల్లాకు ఒక్కో ఎడిషన్ ఉంది, లోపల జిల్లా పేజీలు వేరు. అనంతపురం ఎడిషన్‌లో మూడో పేజీలో వచ్చిన వేరుశనగ రైతుల వార్త కర్నూలు ఎడిషన్‌లో అసలు ఉండకపోవచ్చు. తేదీ, పేజీ సరిగ్గా ఇచ్చినా సరే, హైదరాబాద్ లైబ్రరీలో అదే తేదీ పేపరు తీసినవాళ్లకు ఆ పేజీలో ఇంకేదో ఉంటుంది. చికాగో వాళ్లు ఈ బాధ వల్లే దినపత్రికలకు పేజీ నంబరు వద్దంటారు. ఎంఎల్ఏలో ఎడిషన్ పేరు చేర్చే వీలుంది. ఏపీఏలో దానికి ప్రత్యేకమైన చోటు లేదు, అయినా పత్రిక పేరు పక్కన "అనంతపురం ఎడిషన్" అని చేర్చమనే నేను చెబుతాను. నియమానికి ఒక మాట ఎక్కువైనా ఫర్వాలేదు, చదివేవాడు వార్త దొరక్క తిరగకూడదు.

## మాట్లాడి తెలుసుకున్నది, రాతి మీద చదివినది

ధర్మవరంలో ఒక నేతన్నతో గంటన్నర కూర్చుని మగ్గం పని గురించి రాసుకున్నారనుకుందాం. ఏపీఏ ప్రకారం అది వ్యక్తిగత సంభాషణ, చదివేవాడు మళ్లీ తీసి చూడలేడు కాబట్టి చివరి జాబితాలో ఉండదు, లోపల మాత్రం "(వ్యక్తిగత సంభాషణ, 2024, మార్చి 12)" అన్నట్టు పేరూ తేదీ ఇస్తే చాలు. ఎంఎల్ఏలో అదే ఇంటర్వ్యూ చివరి జాబితాలోకి వస్తుంది. రెంటికీ కారణాలున్నాయి. ఏపీఏ దృష్టిలో జాబితా అంటే వెళ్లి సరిచూసుకునే దారి, దారి లేనిదానికి చోటు లేదు. ఎంఎల్ఏ దృష్టిలో మీరు ఎవరి మాట మీద ఆధారపడ్డారో అందరి పేర్లూ ఒకచోట కనబడాలి. జానపద గేయాలు, వృత్తి కథలు సేకరించేవాళ్లకు ఏపీఏ నియమం కష్టంగానే ఉంటుంది. యాభై మంది చెప్పిన మాటల మీద నిలబడిన థీసిస్‌లో ఆ యాభై మంది పేర్లూ చివర కనబడవు. చాలామంది అనుబంధంగా "వక్తల పట్టిక" పెట్టి పేరు, వయసు, ఊరు, వృత్తి, రికార్డు చేసిన తేదీ ఇస్తారు. పేరు ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకుంటేనే సుమా. అది మంచి పద్ధతి, ఏపీఏకు అడ్డం కూడా రాదు.

శాసనాల సంగతి ఇంకో రకం. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో చెన్నకేశవాలయం ఆవరణలో ఉన్న రేనాటి చోళుల శాసనం, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, క్రీ.శ. 575 ప్రాంతానిదని చెబుతారు. తెలుగు శాసనాల్లో అతి పాతదిగా దానికి పేరు. దాన్ని ఉటంకించేవాళ్లలో రాయి దగ్గర నిలబడి చదివినవాళ్లు తక్కువ. ఎక్కువమంది చదివింది శాసన పాఠాలు అచ్చేసే ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాల్లో వచ్చిన పాఠం. కాబట్టి రిఫరెన్సు రాయికి కాదు, ఆ సంపుటానికి: పాఠం పరిష్కరించినవాళ్ల పేర్లు, వ్యాసం పేరు, సంపుటం, పేజీలు. రాతిని మీరే ఫొటో తీసి పాఠభేదం చూపిస్తున్నారా, అప్పుడు ఊరు, గుడి, చూసిన తేదీ కూడా చెప్పాలి. ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కైఫీయత్తులకూ ఇదే తేడా. కాలిన్ మెకంజీ సేకరించిన రాతప్రతిని మీరు ఆర్కైవ్‌లో చూస్తే సంగ్రహం పేరు, సంపుటం నంబరు, ఏ గ్రంథాలయమో రాయాలి, అచ్చుపుస్తకంలో చదివితే ఆ పుస్తకం పేరు రాయాలి.

ఒకరి మాట ఇంకొకరి ద్వారా తెలిసినప్పుడు కూడా సూత్రం అదే: మీరు చదివిందేదో అదే చెప్పండి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పేస్ రాసిన వర్ణనను సీవెల్ తన పుస్తకంలో ఇంగ్లిష్‌లో ఇచ్చాడు. సీవెల్ పుస్తకం తెరిచి పేస్‌ను చదివితే "సీవెల్‌లో పేస్" అని చెప్పుకోవచ్చు. అదే మీరు చదివింది ఒక తెలుగు చరిత్ర పుస్తకం, అందులో సీవెల్ నుంచి పేస్ మాటలు రెండు వాక్యాలు ఎత్తి ఇచ్చారనుకోండి, మీ జాబితాలోకి వచ్చేది ఆ తెలుగు పుస్తకమే. పోర్చుగీసు మూలం పేరు వేస్తే బరువుగా ఉంటుంది గానీ అది మీరు చదవని పుస్తకం.

## తెలుగు పుస్తకం మొదటి పేజీ చదవడం

ఇంగ్లిష్ గైడ్లేవీ చెప్పనిది, మనకు ఎక్కువ పని పెట్టేది ఇదే.

తెలుగు పుస్తకం లోపలి పేజీ తిప్పితే "ప్రతులకు" అని ఒకటో రెండో చిరునామాలు ఉంటాయి. అది పుస్తకం కొనుక్కునే చోటు. ప్రచురణకర్త కాదు. మన సీమ రచయితల పుస్తకాలు ఎన్నో సొంత ఖర్చుతో వేసుకున్నవే, ప్రచురణ దగ్గర రచయిత పేరో ఇంట్లోవాళ్ల పేరో ఉంటుంది, ప్రతులకు దగ్గర విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద పుస్తకాల షాపు. విద్యార్థులు ఆ షాపు పేరు తీసుకెళ్లి ప్రచురణకర్తగా రాసేస్తారు. ఆ కర్నూలు అమ్మాయి జాబితాలో ఇలాంటివి పదకొండు దొరికాయి. రచయితే ప్రచురణకర్త అయినప్పుడు ఏపీఏలో పేరు రెండోసారి రాయక్కర్లేదు, ఆ చోటు వదిలేయొచ్చు.

"ముద్రణ" అనే మాట ఇంకో గుంట. మనవాళ్లు మారకుండా మళ్లీ అచ్చేసినా "ద్వితీయ ముద్రణ" అంటారు, సగం పుస్తకం తిరగరాసినా అదే అంటారు. స్టైల్ గైడ్లకు మాత్రం ఆ రెండూ వేరు, మార్పులుంటేనే ఎడిషన్ నంబరు అడుగుతాయి. బ్రౌన్ నిఘంటువు తీసుకోండి. మొదట 1852లో వచ్చింది, 1903లో వేరే పండితులు దాన్ని సవరించి పెంచి వేశారు, తర్వాత ఎన్నో పునర్ముద్రణలు. "బ్రౌన్, 1852" అని రాసి 1903 పాఠంలో చేర్చిన అర్థాన్ని ఉటంకిస్తే, బ్రౌన్ రాయని మాటను ఆయన నోట పెట్టినట్టవుతుంది. పాత పుస్తకం ఇటీవలి పునర్ముద్రణ మీ చేతిలో ఉంటే ఏపీఏలో రెండు సంవత్సరాలూ చెప్పే వీలుంది, చేతిలో ఉన్న ప్రతి సంవత్సరం ముందు, చివర "మూల ప్రచురణ 1852" అని, లోపల 1852 పక్కన గీత పెట్టి కొత్త సంవత్సరం.

పొట్టి అక్షరాల సంగతికొస్తే, "సం." అని ఒక్క మాటతో సంవత్సరం, సంపుటం, సంచిక, సంపాదకులు నాలుగూ రాసిన జాబితాలు చూశాను. "సం. 4, సం. 2" అంటే ఏది ఏమిటో రాసినవాళ్లకే ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు. సంపా., సంపు., సంచి. అని విడదీసుకుని, థీసిస్ మొదట్లో సంకేతాల పట్టిక పెట్టుకుంటే పోతుంది.

పాత పుస్తకాల్లో సంవత్సరం శాలివాహన శకంలో ఉంటే సుమారు 78 కలపాలి. శకం 1800 అంటే దాదాపు 1878. ప్రభవాది పేరు మాత్రమే ఉంటే అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది, ఒక్క పేరు చూసి తేల్చలేం.

## ఇంటిపేరు ముందున్న భాషలో కామా ఎక్కడ పెట్టాలి?

ఇక మొదట చెప్పిన ముగ్గురి దగ్గరికొద్దాం. పాశ్చాత్య పేరులో కుటుంబం పేరు చివర ఉంటుంది, అకారాదిలో దాని కింద పెట్టాలి కాబట్టి తిప్పి, తిప్పామని గుర్తుగా కామా పెడతారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ "బ్రౌన్, సి. పి." అయ్యాడు. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. తిప్పాల్సిన పనే లేదు. అయినా రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ చివరి మాటను కుటుంబం పేరనుకుని పుట్టపర్తిని పొట్టి అక్షరం చేసేస్తుంది.

ఇక్కడ మూడు పక్షాలున్నాయి.

ఒక పక్షం: ఇంటిపేరు ముందు, తిప్పొద్దు, కామా వద్దు, పేరు మొత్తం రాయండి. దీని బలం జనం వాడుక. మనం "రాళ్లపల్లి వారు", "పుట్టపర్తి వారు" అనే అంటాం, వెతికేవాడు ఆ అక్షరం కిందే వెతుకుతాడు. కుటుంబం పేరుతోనే మొదలయ్యే చైనా పేర్లను చికాగో, ఎంఎల్ఏ కూడా కామా లేకుండానే ఉంచుతాయి. రెండో పక్షం: వ్యక్తి పేరు ముందు, కామా, ఇంటిపేరు తర్వాత. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగులో సాహిత్య విమర్శకులు వెల్చేరు నారాయణరావు "నారాయణరావు, వెల్చేరు" అనే వరసలో ఉంటారు. పెద్ద కేటలాగుల్లో వెతికేవాళ్లకు ఇది దారి తప్పించదు. మూడో పక్షం ఇంగ్లిష్ పద్ధతి యథాతథం: చివరి మాట కుటుంబం పేరు, మిగిలినవి పొట్టి అక్షరాలు. అంతర్జాతీయ జర్నల్‌కు పంపేవాళ్లకు ఇది తప్పదు, డేటాబేసులు దీన్నే గుర్తుపడతాయి. కానీ దీని ఫలితంగా రెడ్లందరూ "రెడ్డి, ఎం." కింద, రావులందరూ "రావు, కె." కింద కుప్ప పడతారు. వెల్చేరు వారి ఇంగ్లిష్ రచనలు కూడా కొందరి జాబితాల్లో "రావు" కింద, కొందరి జాబితాల్లో "నారాయణరావు" కింద కనబడుతుంటాయి.

నా మటుకు, తెలుగులో రాసే థీసిస్‌కు మొదటిదే న్యాయమనిపిస్తుంది. పొట్టి అక్షరాలు కూడా తెలుగు పేర్లకు వద్దంటాను, నారాయణను "ఎన్." చేయడానికి తెలుగు లిపిలో ఏ కారణమూ లేదు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మూడోది పాటించక తప్పకపోవచ్చు, అప్పుడు ఆ రచయిత తన ఇంగ్లిష్ పుస్తకాల మీద పేరు ఎలా వేసుకున్నారో చూసి అలాగే రాయాలి. రిఫరెన్సులు సర్దే జోటెరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక మాట: రచయిత దగ్గర రెండు గళ్లుంటాయి, పక్కనున్న గుర్తు నొక్కితే ఒకే గడి అవుతుంది. తెలుగు పేరు అందులో మొత్తంగా వేస్తే తిరగబడదు.

కలం పేర్ల దగ్గర ఇంకొంచెం ముడి పడుతుంది. రాచమల్లు రామచంద్రారెడ్డి గారు రారాగా ప్రసిద్ధులు. పుస్తకం మీద ఏ పేరుంటే ఆ పేరే రాయాలన్నది అన్ని స్టైళ్లూ ఒప్పుకునే మాట, ఇంకో పేరు కింద "చూ. రారా" అని ఒక లైను వేస్తే సరి. డాక్టర్, ఆచార్య, ప్రొఫెసర్ లాంటివి రిఫరెన్సులో తీసేయాలి. మరి అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారిని ఏం చేయాలి? విద్వాన్ బిరుదే కదా అని తీసేస్తే "విశ్వం" ఒక్కటే మిగులుతుంది, ఆయన్ను ఎవరూ అలా పిలవలేదు. ఇక్కడ బిరుదు పేరులో కలిసిపోయింది, కాబట్టి ఉంచాలి.

## ఫాంట్లు, చాట్‌బాట్లు

డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించిన జాబితాను వర్డ్‌లో అకారాదిగా సర్దమంటే చిందరవందర అవుతుంది. పైకి తెలుగు కనబడుతుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు, కంప్యూటర్ వాటి వరసలోనే సర్దుతుంది. యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ఆ పని చేయాలి. స్టైళ్లన్నీ అడిగే వాలు అక్షరాలు కూడా తెలుగులో అంత బాగుండవు, ఒత్తులు పక్క అక్షరం మీద పడతాయి. పుస్తకం పేరు బోల్డ్‌లో పెట్టుకుంటామంటే చాలామంది గైడ్లు ఒప్పుకుంటున్నారు.

ఈ మధ్య అందరూ అడుగుతున్నది చాట్‌బాట్ల గురించి. వివరాలన్నీ మీరిచ్చి వరస సరిచేయమంటే సాయపడతాయి, అయినా మళ్లీ చూసుకోవాలి. "ఈ విషయం మీద పది రిఫరెన్సులు ఇవ్వు" అంటే మాత్రం లేని పుస్తకాలకు కూడా ముచ్చటైన రిఫరెన్సులు తయారుచేసిస్తాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేనేలేని తీర్పులను కోర్టులో దాఖలు చేశారు, జడ్జి ఐదు వేల డాలర్ల జరిమానా వేశారు. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా అని రిఫరెన్సును నమ్మడానికి లేదు. చాట్‌బాట్ జవాబునే ఆధారంగా చూపాల్సి వస్తే ఏపీఏ ఆ కంపెనీని రచయితగా పెట్టమంటుంది, ఎంఎల్ఏ ఏఐని రచయితగా ఒప్పుకోదు, మీరడిగిన ప్రశ్నతో మొదలుపెట్టమంటుంది.

కాపీ రాతల మీద యూజీసీ 2018లో పెట్టిన నియమాల భయం కూడా చాలామందికి ఉంది. అందులో ఇతరుల రాతలతో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు, పది దాటి నలభై వరకైతే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సరైన ఆధారం చూపి ఎత్తి రాసిన మాటలను, చివరి రిఫరెన్సుల జాబితాను ఆ లెక్కలోంచి మినహాయిస్తారు. జాబితా పెద్దదైతే శాతం పెరుగుతుందేమో అని పుస్తకాలు తీసేసేవాళ్లున్నారు, ఆ అవసరం లేదు.

## అట్ట పోయిన పుస్తకం

ఆ అమ్మాయి జాబితా రెండు రోజులు కూర్చుని చూశాం. ముప్పై రెండు పేజీలు ఇరవై ఆరుకు వచ్చాయి, ముగ్గురు నారాయణాచార్యులూ 'ప' కింద ఒకచోట చేరారు. చివరికి ఒక్కటి మిగిలింది. వాళ్ల తాతగారి పెట్టెలో దొరికిన పద్యాల పుస్తకం, అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు చెదలు తినేసింది, ప్రచురణ ఎవరిదో తెలియదు. ముందుమాట చివర "క్రోధి, ఉగాది" అని మాత్రం ఉంది. క్రోధి 1904లో వచ్చింది, 1964లో వచ్చింది, 2024లో వచ్చింది. పుస్తకం తాతగారిది కాబట్టి మూడోది కాదు. 1904నా 1964నా అని పేజీలు తిప్పుతుంటే ముందుమాటలో ఒకచోట "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము" అన్న మాట కనబడింది. ఆ రాష్ట్రం ఏర్పడింది 1956లో. కాబట్టి 1964.

పుస్తకంలో అచ్చు లేనిది మనం ఊహించి తేల్చింది కాబట్టి సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లో [1964] అని వేశాం, ప్రచురణ దగ్గర "ప్రచురణకర్త తెలియదు" అని, చివర "సొంత సేకరణలోని ప్రతి" అని. అయినా ఆమెకు తృప్తి లేదు. "ఇంకో ప్రతి ఎక్కడైనా ఉంటే అట్ట చూడొచ్చు కదా అక్కా" అంది. మరుసటి రోజు పొద్దున్నే బ్రౌన్ గ్రంథాలయానికి పోయి, ఆ ముందుమాట ఫొటో చూపించి, బీరువాలో వెతికిపెట్టమని అడిగి వచ్చింది.